పాడుకోటల కథలు



మన మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో ఏ త్రోవను బోయినను ఒక పాడుపడిన గోడయో, తల విరిగిన బురుజో, కప్పు కూలిన గుడియో కంటబడకుండ ఆమడ దూరము సాగదు. “ఇది ఎవరు కట్టించినారు?” అని అచ్చటి పెద్దల నడిగినచో వారు సంవత్సరము చెప్పరు, కథ చెప్పుదురు. చదువుకొన్న మనము ఆ కథ విని చిరునవ్వు నవ్వి, శాసనమేమైన నున్నదా యని యడుగుదుము. నేనును చాలకాల మట్లే యడిగినవాడను. గురువుల యొద్ద కావ్యములును వ్యాకరణమును చదువుకొని పల్లెబడిలో తెలుగు చెప్పుటకు కుదిరిన వానికి అవ్వల కథలు చులకనగా దోచుట వింత గాదు. ఆ చులకన ఒకసారి నాచేత ఒక తప్పు చేయించినది. దానిని గూర్చి చెప్పవలెననియే ఈ ప్రసంగమున కొప్పుకొంటిని. కాని మొదట గుర్రంకొండకు బోవుదము.

మదనపల్లె నుండి రాయచోటి వైపు పోవు వారికి గుర్రంకొండ దుర్గము దూరమునుండియే కనబడును. సుమారు 500 అడుగుల యెత్తున నిట్టనిలువుగా లేచిన బండ యది. క్రింద కోటగోడలు, రంగినీ మహలు. ఆవల టిప్పు సుల్తాను మేనమామయైన మీర్ రజా అలీఖాను సమాధి. గోలకొండవారు, కడప నవాబులు, మరాఠావారు, హైదరాలీ, టిప్పు, నిజాము, కుంఫిణీవారు వరుసగా ఈ బండకై పెనుగులాడిరి. 1791లో నిజాము సైన్యము కుంఫిణీవారి తోడ్పాటుతో ముట్టడించి క్రిందికోటను పట్టుకొన్నది గాని పైకోట లొంగలేదు. మరుసటి యేట శ్రీరంగపట్టణపు సంధిలో ఈ సీమ కాగితముమీద నిజామునకు దక్కెను. 1800లో దత్తమండలములతో గూడ కుంఫిణీ క్రిందికి వచ్చెను. చరిత్రకారుడు చెప్పునది స్థూలముగా నింతే.

ఊరివారు చెప్పునది వేఱు. ఆ కొండమీద ఒక గుర్రము కావలి యుండెడిదట. అది యున్నన్నాళ్లు ఆ దుర్గమును జయించు మగవాడు పుట్టడట. ఎందరో దండెత్తి వచ్చి, తలలెత్తి చూచి, వెనుకకు మరలిరి. తుదకొక మరాఠా సర్దారు సైన్యముతో గాక ఒంటరిగా రాత్రివేళ వచ్చి, బండలో పొడవైన ఇనుప మేకులు కొట్టుకొనుచు, ఒక్కొక్క మేకుమీద కాలు నిలుపుకొనుచు పైకెక్కి ఆ గుర్రమును కాజేసినాడు. ఇల్లు చేరకమునుపే దొరికిపోయినాడు. కాని యేమి లాభము? గుర్రము కొండ దిగినది, మహిమ చెడినది. తరువాత ముట్టడించిన వారికి దుర్గము వశమైనది.

ఆంగ్లేయులు వ్రాయించిన గెజిటీరులలోను ఈ కథ చోటు చేసికొన్నది. ఆ సర్దారు ఘోర్పడే వంశమువాడనియు, బళ్లారి సీమలోని సండూరు రాజులు ఆ వంశమువారే యనియు అందు గలదు. ఇక్కడ ఒక చమత్కారమున్నది. మహారాష్ట్రమున ఘోర్పడ్ అనగా ఉడుము. ఉడుము నడుమునకు త్రాడుకట్టి కోటగోడమీదికి విసరి, దాని పట్టును నమ్ముకొని ఎగబ్రాకినందున ఆ వంశమున కా పేరు వచ్చినదని వారు చెప్పుకొందురు. 1670లో తానాజీ సింహగడమును పట్టినప్పుడును ఉడుము సాయమే చేసినదని వారి జనశ్రుతి. అక్కడి ఉడుము మన కొండకు వచ్చునప్పటికి మేకులైనది కాబోలు. కథలకు కాళ్లున్నవి, సుంకపు కావలివారు వాటిని నిలిపి సోదా చేయలేరు.

ఈ గుర్రము మాట యెత్తినప్పుడెల్ల నాకు వేఱొక గుర్రము జ్ఞప్తికి వచ్చును. అది యుండునది ఐర్లండు దేశమున. ఈ పల్లెటూరి అయ్యవారికి ఐర్లండుతో నేమి పని యని మీరనుకొనవచ్చును. మదనపల్లెలో చదివిన వానికి అది అంత దూరపు దేశము గాదు. ఆ దేశములోని బెల్‌ఫాస్టు నగరమున 1873లో జనించిన జేమ్స్ కజిన్స్ అను కవి, తన దేశపు పాతగాథలను పద్యములుగను నాటకములుగను వ్రాసినవాడు, 1915లో అనిబిసెంటమ్మగారి పిలుపున మన దేశమునకు వచ్చి, మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు అధ్యక్షుడై, 1956లో మదనపల్లెలోనే దేహము చాలించెను. 1919 ఫిబ్రవరిలో రవీంద్రులు ఈ ఊర విడిసి జనగణమన గీతమును ఆంగ్లములోనికి మార్చినపుడు ఆతిథ్య మిచ్చినది ఈ దంపతులే. ఆ పాటకు స్వరము కూర్చి వ్రాసినది ఆయన భార్య మార్గరెటమ్మ. ఆమె పుట్టిన బాయిల్ అను ఊరిలో పన్నెండవ శతాబ్దినాటి క్రైస్తవ మఠమొకటి నేటికిని శిథిలమై నిలిచియున్నది. మా గురువులు బాల్యమున కజిన్సు దొరగారిని కండ్లార జూచినవారు. ఆ పేరు వారి నోట విన్న నాటినుండి ఐర్లండు కథ యేది దొరికినను విడువక చదువుట నాకు అలవాటైనది.

ఆ దేశమున లిమెరిక్ అను సీమలో లాక్ గర్ అను సరస్సు గలదు. దాని గట్టున పాతకోటలు గలవు. పదునాలుగవ శతాబ్దిలో ఆ సీమ నేలిన జెరాల్డు అను ప్రభువు చావలేదనియు, ఆ నీటి యడుగున మంత్రబద్ధుడై యున్నాడనియు, ఏడేండ్ల కొకసారి తెల్లని గుర్రమెక్కి నీటిపై స్వారి చేయుననియు అచ్చటి వారి నమ్మిక. ఆ గుర్రమునకు వెండి నాడాలట. నీటిమీద పరుగెత్తి పరుగెత్తి ఆ నాడాలు అరిగిపోయిననాడు ఆయనకు శాపవిమోచనము. మన గుర్రము కొండను గాచినది. వారి గుర్రము తన దొర విముక్తికై పరుగెత్తుచున్నది. సరస్సు పేరిలోని ‘గర్’కును మన గుర్రమునకును చుట్టరికమున్నదని మాత్రము నేననను. శబ్దసామ్యము చూచి సంబంధము కలిపిన పండితులు ఇప్పటికే లెక్కకు మించియున్నారు.

ఇంకొకటి. కాషెల్ అనుచోట ఒక గుట్టమీద పాత దేవాలయములు శిథిలములై యున్నవి. ఆ గుట్ట యెట్లు వచ్చినది? దయ్యమొకటి దూరపు పర్వతమును కొరికి, ఆ ముక్కను ఇక్కడ ఉమిసినదట. ఆ పర్వతము నడుమ గండి యుండుట మాత్రము నిజము. మన సీమలో విడిగానున్న గుట్ట నెల్ల ఆంజనేయస్వామి సంజీవి కొండనుండి రాల్చిన ముక్క యనుట లేదా? స్వామికి బదులు దయ్యము. కొండ, గండి, ముక్క అన్నియు నవియే.

పాడుపడిన దానినెల్ల ఒకరి నెత్తిన వేయుటయు రెండు దేశములకును సమానమే. ఐర్లండున కూలిన కోట ఏది చూపినను “క్రాంవెల్ ఫిరంగులు కూల్చినవి” అందురట. ఆయన ఆ దేశముననున్నది 1649లో, 1650లో కొన్ని నెలలు మాత్రమే. ఆ కొద్దికాలములో అన్ని కోటలు కూల్చుటకు ఆయనకు నిద్రాహారములుండవు. మన వైపునను చేయి విరిగిన విగ్రహము కనబడిన చాలు, అడిగినదే తడవుగా ఒక తురక దొర పేరు చెప్పుదురు. కొన్నిచోట్ల అది నిజమే కావచ్చును. కాని వానకు తడిసి, మఱ్ఱివేరు చొచ్చి, ఊరివారే పశుల కొట్టమునకు రాళ్లు మోసికొని పోగా కూలినవి ఎన్నో నేనెరుగుదును.

పుంగనూరికి దగ్గర, చౌడేపల్లె ప్రక్కన బోయకొండ గంగమ్మ కథ యట్టిది కాదు, అది వేఱు జాతి. నవాబు దండు ఊళ్లమీద బడగా బోయలును ఏలికలును ఎదిర్చి, బలము చాలక అడవి జొచ్చి అమ్మను వేడగా, ఆమె శక్తియై దిగి ఆ దండును తునుమాడినదని కథ. ఏ నవాబు, ఏ సంవత్సరము అని కథ చెప్పదు. చెప్పవలసిన పనియు లేదు. కోటగాని ఫిరంగిగాని లేని అడవి జనులు దండునకు వెన్నిచ్చి పారిపోలేదన్నదే అందలి సారము. నేటికిని అమ్మ శిరస్సున పూవునుంచి, అది కుడికి రాలునో ఎడమకు రాలునో చూచి తలపెట్టిన పనికి ఉత్తరువు పొందుదురు. పుంగనూరి జమీందారుల రాజభవనమున కింత కథ లేదు. జమీందారీలు 1948 నాటి చట్టముతో రద్దయినవి. మనమెరిగిన కాలములో పాడుపడిన దానికి కథ పుట్టుటకు ఇంకను వ్యవధి కావలయును కాబోలు.

కుప్పమునకు సమీపమున కంగుంది దుర్గము గలదు. తెలుగు, అరవము, కన్నడము మూడును కలిసిన ఆ మూల, కొండక్రింద నొక భాషలో మొదలైన కథ కొండనెక్కునప్పటికి ఇంకొక భాషలోనికి మారిపోవును. అక్కడ నాతో నడచిన ముసలివాడు మూడింటిని కలిపి ఒకే వాక్యములో వాడినాడు. ఆయన చెప్పిన ముఖ్యమైన మాట సొరంగము. కోటనుండి గుడికి, గుడినుండి ఆవలి కొండకు సొరంగమున్నదట. ఈ కథ లేని కోటను నేనింతవరకు చూడలేదు. అది నల్లరాతి కొండ. అందు క్రోశము దూరము తొలిపించు ధనముండిన ఏ పాళెగారును శత్రువునకు వెరవ నక్కరలేదు. ఐనను ప్రతి కోటకును ముట్టడివేళ తప్పించుకొని పోవుటకు మరుగైన దిడ్డివాకిలి యొకటి యుండెడిది. ఆ దిడ్డి మూసికొనిపోయినది. దాని జ్ఞాపకము పెరిగి సొరంగమైనది. అసత్యమని త్రోసివేయుటకు వీలులేని అసత్య మది.

ఇక నిక్షేపముల మాట. నేను చెప్పదలచిన తప్పు ఇందులోనిదే.

పాళెగాండ్ర కాలమున ధనము దాచుకొనుటకు భూమికంటె వేఱు పెట్టె లేదు. కాబట్టి పాతిపెట్టిరనుట వట్టి మాట కాదు. నేను ఉద్యోగమున చేరిన క్రొత్తలో ఒక చిన్న పల్లెలో పనిచేసితిని. ఆ ఊరిపేరు చెప్పను. చెరువు కట్ట కొనను కప్పులేని శివాలయ మొకటి, దాని ముందర రాతి దీపస్తంభ మొకటి యుండెను. ఆ స్తంభము క్రింద ఏడు కొప్పెరల ధనమున్నదని ఒక అవ్వ నాకు చెప్పినది. ఆమె కథ పెద్దది. పాళెగాడు దానిని తనకొరకు పాతలేదట; కరవువచ్చి చెరువు తెగిననాడు కట్ట వేయించుటకై పాతినాడట. కావలికి ఒక నాగు నుంచినాడట. రాత్రివేళ త్రవ్వవచ్చిన వానిని ఆ నాగు ఒక్కటే ప్రశ్న యడుగును: “ఈ చెరువు కట్టకు నీవెన్ని గంపల మన్ను మోసితివి?” సరిగా చెప్పిన వానికి ధనము, లేనివానికి కాటు. అందుచేత ఆ ఊర ఏటేట వానలకు ముందు ఇంటి కొకరు వచ్చి కట్టమీద గంపెడు మన్ను వేయుట ఆచారముగా నుండెను. ధనము సంగతి యెవరికిని తెలియదు. కట్ట మాత్రము గట్టిగా నుండెను.

ఒకనాడు వానగా నుండి పిల్లలు పాఠము వినలేదు. నేనీ కథ యెత్తుకొంటిని. కొప్పెరలను వర్ణించితిని, బంగారమును వర్ణించితిని, ప్రబంధములు చదివిన నోరు గదా, అమావాస్య చీకటిని సైతము వర్ణించితిని. స్తంభము క్రింద ధనమున్నదన్న చోటికి వచ్చునప్పటికి గంట కొట్టిరి. పిల్లలు ఇండ్లకు పరుగెత్తిరి. మిగిలిన కథ మరునాడు చెప్పవలెననుకొని మరచిపోయితిని. అవ్వ కథకు అంతకంటె మర్యాద యేల యని నా లోపల నుండెను కాబోలు.

రెండు నెలలు గడచినవి. ఒక అమావాస్య మరునాడు ఉదయము చూడగా దీపస్తంభము మూడు ముక్కలై పడియున్నది. గర్భాలయమున పానవట్టము రెండుగా పగిలియున్నది. నిలువెత్తు గొయ్యి. అందులో మన్నును గడ్డపార పోట్లును తప్ప మరేమియు లేవు. బడికి వచ్చిన పిల్లవాడొకడు నా బల్లయొద్దకు వచ్చి తల వంచుకొని, “అయ్యవారూ, ఆ కథ మా నాయనకు చెప్పింది నేనే” అన్నాడు. నాకు నోట మాట రాలేదు. చెప్పినది వాడు కాదు, నేను.

సాయంకాలము అవ్వయొద్దకు పోయితిని. ఆమె అరుగుమీద కూర్చుండి చెనిక్కాయలు ఒలుచుచుండెను. అంతయు విని, “గంపల మాట చెప్పినావా నాయనా?” అని యడిగినది. “లేదవ్వా” అంటిని. ఆమె నన్ను నిందింపలేదు. మరల కాయలు ఒలుచుకొనసాగెను.

1878 నాటి నిక్షేపముల చట్టము ప్రకారము పదిరూపాయల విలువకు మించి ఏది దొరికినను కలెక్టరునకు తెలుపవలయును, దాచినచో శిక్ష. ఈ చట్టము మాట నేనటుపిమ్మట ఆ ఊర చాలసార్లు చెప్పితిని. కాని శ్రోతలారా, చట్టముకంటె ఆ నాగుపాము ప్రశ్నయే ఆ గుడిని అన్నేండ్లు కాపాడినది. కథలో సగము ధనము, సగము కావలి. నేను కావలిని విడిచి ధనమును మాత్రము పిల్లల చేతికిచ్చితిని. నేడు మన సీమలో నంది చెవులు విరుగుటకును, గుళ్లలో గోతులు పడుటకును గడ్డపారలు పట్టినవారే కాక, ఇట్లు సగము చెప్పినవారును కొంత కారణమని నా యెరుక.

ఐర్లండు వారి నిక్షేప కథలలోను కావలి యుండును. నల్లపిల్లి, తలలేని మనిషి, ఎద్దు ఇట్టివి. త్రవ్వువాడు పెట్టె మూత తాకునప్పటికి వాని యిల్లు తగులబడుచున్నట్లు కనబడును. వాడు పార పడవేసి ఇంటికి పరుగెత్తును. ఇల్లు చల్లగా నుండును. తిరిగి వచ్చునప్పటికి గొయ్యి పూడియుండును. ఈ కథలు నాకు తెలిసినది వారి బడిపిల్లల వలననే. 1937 మొదలు 1939 వరకు ఆ దేశపు జానపద సంఘమువారు ఉపాధ్యాయుల సాయముతో ఒక గొప్ప పని చేసిరి. సుమారు 5,000 బడులలో, పదునొకండు మొదలు పదునాలుగేండ్ల ప్రాయముగల 50,000కు పైబడిన పిల్లలు, వ్యాసము వ్రాయవలసిన వేళలో తమ యింటి ముసలివారి నడిగి ఊరి కథలు వ్రాసికొని వచ్చిరి. ఊరి శిథిలములు, పాతర ధనములు ప్రత్యేక విషయములుగా నిచ్చిరి. పిల్లల నోటుపుస్తకములు, వానినుండి ఎత్తివ్రాసిన సంపుటములు కలిసి ఏడులక్షల పుటలకు మించినవి. నేటికిని అవి భద్రముగా నున్నవి. ఇంటనుండియే చదువుకొనుటకు వీలుగా కంప్యూటరులోను ఉంచిరి.

దీనిని చదివిన నాడు నాకు సంతోషమును సిగ్గును ఒక్కసారి కలిగినవి. ఉద్యోగవిరమణకు ముందు మూడేండ్లు నేనును నా పిల్లలచేత అట్లు వ్రాయించితిని. ఒక్కటే నియమము: కథ ముగియువరకు వ్రాయవలయును. అవ్వకు కునుకు పట్టినచో మరునాడు మరల అడుగవలయును. నలువది రెండు పుస్తకములు తయారైనవి. అక్షరదోషములు అనంతములు, నేను దిద్దలేదు. ఒక బాలిక తన తాత చెప్పిన కథను వ్రాసి, చివర “తాతకు ఇంకా ఉండాదంట, దగ్గుతో చెప్పలేకపోయినాడు” అని వ్రాసినది. వారమునకే ఆ తాత కాలము చేసెను. ఆ పుటలో సగము తెల్లగా నున్నది.

క్రిందటి మాఘమాసమున మనుమనితో గుర్రంకొండకు పోయితిని. మేకలు గాచు పెద్దమనిషి యొకడు బండమీద వరుసగానున్న గుంటలను చూపి, ఇవియే మేకులు కొట్టిన చోట్లన్నాడు. రాళ్లు కొట్టువారు బండ చీల్చుటకు ఉలితో తొలిచిన గుంటలవలె నాకు తోచినవి గాని, ఆ మాట నేననలేదు. మనుమడు ఒక గుంటలో వ్రేలుంచి, కొంతసేపాలోచించి, “తాతా, మేకులు పట్టుకొని ఎక్కినవాడు గుర్రాన్ని ఎట్ల దించినాడు?” అని యడిగెను. నలువదేండ్లుగా ఈ కథ చెప్పుచున్నాను. ఈ ప్రశ్న నాకు తోచలేదు. నేను మేకలకాపరి వైపు చూచితిని.

ఆయన నవ్వి, కఱ్ఱను చంకన బెట్టుకొని బండమీద చతికిలబడినాడు. “వాడు దించలే నాయనా, గుర్రమే వాన్ని దించింది. కూచో, చెప్తా” అన్నాడు. పొద్దు వాలువరకు మేము అక్కడనే యుంటిమి. మనుమడు ఆ కథను తన పుస్తకములో వ్రాసికొన్నాడు. అది వాని కథ గనుక, ఇక్కడ నేను చెప్పను.